మందు పేరు

డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలకు ఆర్గానిక్ కెమిస్ట్రీ మొదలుపెట్టే రోజు నేను పుస్తకం తెరవను. ఎండుమిరపకాయ ఒకటి తీసుకెళ్ళి బల్ల మీద పెడతాను. "ఇందులో కారం ఎక్కడుంటుంది?" అంటే క్లాసంతా గింజల్లో అంటుంది. కాయ చీల్చి, గింజలు అంటుకుని ఉండే లేత పొరను గోటితో గీరి చూపిస్తాను. కారం పుట్టేది అక్కడ. 1876లో థ్రెష్ అనే ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు దానికి క్యాప్సైసిన్ అని పేరు పెట్టాడు. 1919లో నెల్సన్ దాని నిర్మాణాన్ని చాలావరకు తేల్చాడు. 18 కార్బన్లు, 27 హైడ్రోజన్లు, ఒక నైట్రోజన్, 3 ఆక్సిజన్లు. పొడుగాటి కార్బన్ గొలుసు ఉండటంవల్ల అది నీళ్ళలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. గొడ్డుకారం తిన్నాక చెంబెడు నీళ్ళు తాగినా తగ్గని మంట మీగడ పెరుగుతో ఎందుకు తగ్గుతుందో అప్పుడు వాళ్ళకే తెలుస్తుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మా గుంటూరు మిర్చియార్డు వైపు నుంచి గాలి తిరిగితే పాఠం మధ్యలోనే తుమ్ములు మొదలవుతాయి. ఇక ఉదాహరణ నేను చెప్పనక్కర్లేదు.

ఈ నేలకీ ఆ శాస్త్రానికీ చుట్టరికం ఉందని పిల్లలకు తెలియాలని నా ఆరాటం. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన టి.ఆర్. శేషాద్రి గారు 1930లలో పత్తిపూలు తెప్పించుకుని, వాటి పసుపు రంగుకు కారణమైన పదార్థాల మీద పరిశోధన చేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో వాల్తేరు మీద బాంబుల భయం వచ్చినప్పుడు విశ్వవిద్యాలయమే గుంటూరుకు తరలివచ్చింది. అంత పెద్ద రసాయన శాస్త్రవేత్త ఈ ఊళ్ళో ఉండి పనిచేశాడని చెబితే పిల్లలు వింతగా చూస్తారు.

2021-22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ చదువంతా ఇంగ్లీషు మీడియమే. ఇంటర్ దాకా తెలుగులో చదివి వచ్చిన పల్లెటూరి పిల్లలకు ఆల్కేన్, ఆల్కీన్, ఆల్కైన్ అనేసరికే నోరెండుకుపోతుంది. వాళ్ళకి తెలివి తక్కువై కాదు. ఆ పేర్లకూ తమ బతుకుకూ ఏం సంబంధమో ఎవరూ చెప్పకపోవడంవల్ల.

అలాంటివాళ్ళలో పర్చూరు వైపు నుంచి వచ్చిన అబ్బాయి ఒకడుండేవాడు. ఎప్పుడూ వెనక బెంచీ. పిలిస్తే తప్ప పలికేవాడు కాదు. 2-మిథైల్ బ్యూటేన్ గీయమంటే సుద్దముక్క పట్టుకుని బోర్డు ముందు నిలబడిపోయేవాడు. ఇంటర్నల్ పరీక్షలో అత్తెసరు మార్కులు.

ఒకరోజు ఎస్టర్ల పాఠం. మన చుట్టూ ఉండే ఎస్టర్ ఒకటి చెప్పమన్నాను. అరటిపండు వాసన అని ఒకమ్మాయి చెప్పింది. ఆస్పిరిన్ అని ఇంకెవరో అన్నారు. వెనకనుంచి ఆ అబ్బాయి లేచాడు.

"మోనోక్రోటోఫాస్ సార్."

"అదెట్లా ఎస్టరయింది?"

"ఫాస్ఫారిక్ ఆమ్లం ఎస్టర్ సార్. ప్రొఫెనోఫాస్, క్లోర్‌పైరిఫాస్, ఎసిఫేట్, అన్నీ ఫాస్ఫరస్ జాతే. కార్బోసల్ఫాన్ అది కాదు, కార్బమేట్. లామ్డా సైహలోత్రిన్ పైరిత్రాయిడ్. ఇమిడాక్లోప్రిడ్ నియోనికోటినాయిడ్. ఫిప్రోనిల్ వీటిల్లో దేంట్లోకీ రాదు, అది వేరే జాతి."

గుక్క తిప్పుకోకుండా చెప్పి కూర్చున్నాడు. ఒక్క తప్పు లేదు. క్లాసు ఘొల్లుమంది. ఆ పూటనుంచి వాడి పేరు "డీలర్" అయిపోయింది.

నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల పిల్లలకు బెంజీన్ కంటే ఈ మందులే బాగా తెలుసు. 1987-88లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసినప్పుడు, ఏ మందు కొట్టినా చావకపోతే, అప్పులపాలైన రైతులు కొందరు ఆ మందే తాగి పోయారు. 2021లో నల్లతామర పురుగు మిరప పూతలో దూరి, పూత రాలిపోతుంటే, ఎవరు ఏది చెబితే అది తెచ్చి, రెండు మూడు రకాలు ఒకే ట్యాంకులో కలిపి కొట్టారు. చాలామంది విసిగి తోటలు పీకేశారు. ఇన్ని సేంద్రియ రసాయనాలు పొలంలో పోసుకునే చోట, ఆ రసాయనాల గుణమేమిటో, మనిషి ఒంట్లో అవేం చేస్తాయో మొదటి సంవత్సరంలోనే చెప్పాలని నేను గట్టిగా నమ్ముతాను. సిలబస్‌లో వాటి ఊసే లేదు.

మర్నాడు ల్యాబ్ అయిపోయాక వాడే వచ్చాడు. చేతిలో లాంగ్ నోట్‌బుక్.

"సార్, పి.ఎ.ఎం. అంటే ఏంటో బొమ్మ గీసి చెబుతారా?"

ముందు ఆ పుస్తకం ఇటివ్వమన్నాను. పేజీకొక పురుగుమందు లేబుల్. నీళ్ళలో నానబెట్టి ఊడదీసినట్టున్నాడు, అంచులు ముడతలు పడ్డాయి. అన్నం మెతుకులతో అంటించాడు. ఒకచోట ఎండిన మెతుకు కాగితం కింద బొడిపెలా తగిలింది. పేజీలు తిప్పుతుంటే ఆ ఘాటు ఇంకా వస్తూనే ఉంది. ప్రతి లేబుల్ కింద స్కేలుతో గీసిన గళ్ళు: జాతి, విషం తీవ్రత చెప్పే త్రికోణం రంగు, విరుగుడు. మోనోక్రోటోఫాస్ కింద ఎరుపు అనీ, అట్రోపిన్, పి.ఎ.ఎం. అనీ రాసుకున్నాడు. కార్బమేట్ల దగ్గర అట్రోపిన్ ఒక్కటే. గడ్డిమందు పారాక్వాట్ దగ్గర "లేదు" అని రాసి, కింద రెండు గీతలు కొట్టాడు.

నాకంత ఉత్సాహం ఎప్పుడోగాని కలగదు. తెల్లకాగితం తీసుకుని కూర్చున్నాను. మన ఒంట్లో ఎసిటైల్ కోలిన్ ఎస్టరేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. నరం నుంచి కండరానికి కబురు మోసుకొచ్చిన పదార్థాన్ని, కబురు చేరగానే విరగ్గొట్టి తుడిచెయ్యడం దాని పని. ఫాస్ఫరస్ మందు లోపలికి పోతే, ఆ ఎంజైములోని సెరీన్ ఆక్సిజన్‌కు ఫాస్ఫరస్ అతుక్కుంటుంది. ఎంజైమ్ పడకేస్తుంది. కబురు ఆగదు. నోటినుంచి, ముక్కునుంచి నీరు కారుతుంది, ఒళ్ళంతా చెమట పడుతుంది, కంటిపాప సూదిమొనంత అయిపోతుంది, చివరికి ఊపిరి అందదు. అట్రోపిన్ ఆ ఉధృతికి అడ్డం పడుతుంది. మన పొలంగట్ల మీద పెరిగే ఉమ్మెత్తలోనూ అది ఉంటుంది. పి.ఎ.ఎం. చేసే పని వేరు. 1955లో బయటికొచ్చిన మందది. అందులోని ఆక్సీమ్ ఆక్సిజన్ నేరుగా ఫాస్ఫరస్ మీదికి పోయి, దాన్ని తనవైపు లాక్కుని, ఎంజైమును విడిపిస్తుంది.

"న్యూక్లియోఫైల్ అంటే ఇదే. మొన్న క్లాసులో నేను బాణం గుర్తు వేసి చూపించింది ఇదే," అన్నాను.

వాడు ఆ బాణాన్ని వేలితో అనుసరిస్తూ చూశాడు. "ఎంతసేపట్లో ఇవ్వాలి సార్?"

"ఎంత త్వరగా ఇస్తే అంత మంచిది. ఆలస్యమైతే ఫాస్ఫరస్ మీదున్న ఆల్కైల్ గుంపు ఒకటి ఊడిపోయి, అతుకు బిగిసిపోతుంది. అప్పుడిక పి.ఎ.ఎం. దాన్ని కదిలించలేదు. పైరిత్రాయిడ్‌కి అసలే పనిచెయ్యదు. లక్షణాలు చూసి డాక్టర్లు చాలావరకు పోల్చుకుంటారనుకో. కానీ పేరు తెలిస్తే వెతుకులాట తప్పుతుంది, టైము కలిసొస్తుంది."

నేనన్నదంతా పొల్లుపోకుండా రాసుకున్నాడు. 2-మిథైల్ బ్యూటేన్ దగ్గర తడబడిన చెయ్యి ఆక్సీమ్ గుంపును ఎక్కడా ఆగకుండా గీసింది. వీడు తలుచుకుంటే నాగార్జున యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఆర్గానిక్ సీటు కొట్టగలడనిపించింది. ఆ మాటే వాడితో అన్నాను. మందుల కంపెనీల్లో ఇలాంటి కుర్రాళ్ళ కోసం చూస్తుంటారని కూడా చెప్పాను. తల ఊపాడు. ఔనని కాదు, కాదని కాదు.

"సెలవుల్లో పురుగుమందుల కొట్లో పనిచేస్తావా? ఇన్ని లేబుళ్ళు ఎట్లా దొరికాయి?"

"లేదు సార్. ఖాళీ డబ్బాలు కాలవగట్ల మీద పారేస్తారు కదా. ఆదివారాలు ఏరుకొస్తా. మా ఊళ్ళో కొట్టే మందులన్నీ వచ్చేశాయి సార్. పక్క రెండూళ్ళవి కూడా."

"మరి వీటితో ఏం చేస్తావు?"

"ఆర్‌ఎంపీ గారికి ఒక జిరాక్స్ ఇచ్చా సార్. ఆటో నడిపే బాబాయి దగ్గర ఇంకోటి ఉంది. ఎవరికన్నా అవసరమైతే చూసి చెబుతారని."

పుస్తకం వాడికి తిరిగిచ్చేస్తూ ఊరికే మొదటికి తిప్పాను. మొదటి పేజీలో లేబుల్ లేదు. గళ్ళు మాత్రం గీసి ఉన్నాయి. జాతి, రంగు, విరుగుడు. మూడూ ఖాళీ.

"ఇదేంటి, వదిలేశావు?"

"దాని లేబుల్ దొరకలేదు సార్. కొట్టువాళ్ళు వాటర్ బాటిల్‌లో విడిగా పోసిచ్చారు, బిల్లు కూడా లేదు. నాన్న తాగింది అదే. ఆస్పత్రిలో డాక్టరు గారు ఏ మందు, ఏ మందు అని నన్నే అడిగారు. నల్లతామరకి కొట్టేదండీ అని చెప్పా. అప్పటికి నాకు అంతే తెలుసు సార్."