రెల్లుని పెరట్లో నాటాను

దసరా దగ్గరపడే రోజుల్లో రాజమండ్రి గోదావరి గట్టు మీద నిలబడి చూసినవాళ్లకి నా ఆశ అర్థమవుతుంది. వరద తీసి ఇసుక బయటపడ్డాక లంకలన్నీ రెల్లుపూలతో తెల్లబడిపోతాయి. ఆ తెలుపు నా ఇంట్లో కూడా ఉండాలనుకున్నాను. ఒక దుబ్బు తెచ్చి, తొట్టిలో పెట్టకుండా నేరుగా నేలలో నాటాను.

దుబ్బు తవ్విచ్చిన పడవాయన "ఎందుకండీ ఇది, పాకెయ్యడానికాండి?" అనడిగాడు. అందం కోసమని చెప్పాను. "ఇంటికాడ పెట్టుకునే గడ్డి కాదండి" అన్నాడు. లంకలో పుట్టి పెరిగిన మనిషి మాట అది. నేనేమో తోటల పుస్తకాలు చదివాను గనక నాకే ఎక్కువ తెలుసనుకున్నాను. మిగతా తప్పులన్నీ అక్కణ్ణుంచే వచ్చాయి.

ఆ పుస్తకాలు చెప్పినవి అబద్ధాలేం కావు. అలంకారానికి పెంచే గడ్డికి ఎండ బాగా తగలాలి. ఎరువు ఎక్కువైతే ఆకు మెత్తబడి ఒరిగిపోతుంది. ఏడాదికోసారి, కొత్త చిగురు వేసేముందు, జానెడు మొదలు ఉంచి కోసెయ్యాలి. దుబ్బు నడిమధ్య ఎండుతుంటే తవ్వి, విడదీసి, అంచు పిలకల్ని మళ్లీ నాటాలి. ఇవన్నీ శ్రద్ధగా గుర్తుపెట్టుకున్నాను. గడ్డిలో ఉన్నచోటే గుబురు కట్టేది ఒకటి, నేలలోపల పాకేది ఒకటి ఉంటాయన్న పేజీని మాత్రం గబగబా దాటేశాను. అసలు చదవాల్సింది అదే.

రెల్లు పాకే జాతి. దాని కాండం మట్టి లోపల అడ్డంగా పోతుంది, కణుపు కణుపుకీ మొలక ఉంటుంది. ఒట్టి ఇసుకలో బతికే మొక్కకి నేను పశువుల ఎరువేసి రోజూ నీళ్లు పెట్టాను. మూరెడు దూరంలో కొత్త పిలక కనిపిస్తే పొంగిపోయాను. మల్లెపాదులో కూడా లేచాక భయమేసి, గునపంతో పొడిచి తవ్వాను. అది ఇంకా పెద్ద పొరపాటు. తెగిన ప్రతి ముక్కా ఒక మొక్కయింది. తవ్విన ముక్కల్ని ప్రహరీగోడ మొదట్లో పోగేస్తే గోడకింద నుంచి పక్కింటివాళ్ల పసుపు మడిలోకి వెళ్లాయి.

దాని చరిత్ర ఆ తర్వాత చదివాను. మధ్య భారతంలో ఈ గడ్డి కమ్మేసి బీడుపడ్డ నల్లరేగడి భూముల్ని లోతుగా దున్నడానికి ప్రభుత్వమే ట్రాక్టర్లు దింపాల్సి వచ్చింది. 1949లో ప్రపంచ బ్యాంకు మన దేశానికిచ్చిన అప్పుల్లో ఒకటి ఆ యంత్రాల కోసమే. ఇదే రెల్లుని 1912లో కోయంబత్తూరులో చెరకుతో సంకరం చేస్తే కో 205 రకం పుట్టింది. ఈవేళ మన చెరకు తోటల్లో ఉన్న మొండితనంలో దీని వాటా ఉంది. నా పెరడు పాడయిందని ఈ మొక్కని తిట్టడానికి నాకు మనసొప్పదు. కొత్తగా వేసిన ఇసుకని పట్టి నిలబెట్టడం దాని పని. లంకలో ఏటా వరద వచ్చి దాన్ని కోస్తుంది, పూడుస్తుంది, మళ్లీ మొదలుపెట్టిస్తుంది. మా పెరట్లో దానికి ఎదురే లేకుండా చేసింది నేను.

ఇప్పుడు మట్టి జల్లెడ పడుతున్నాను. దొరికిన కణుపుల్ని ఎండలో గలగలలాడేదాకా ఎండబెట్టి కాలుస్తాను. ఖాళీ అయిన మేర వట్టివేళ్ల గడ్డి నాటాను. అది గుబురుగా ఉన్నచోటే ఉంటుంది, వేళ్లు మూడు మీటర్ల లోతుకి నిలువునా దిగుతాయి, మన దక్షిణాది రకం మొలిచే విత్తనం కట్టదు. గాలికి ఊగే తీరు దీనిదీ అందమే. నర్సరీలో గడ్డి కొనేటప్పుడు కుండీ బోర్లించి చూపించమంటున్నాను. అంచు చుట్టూ తెల్లటి మొనలు తిరుగుతుంటే అది సిమెంటు తొట్టిలో ఉండాల్సిందే.

పసుపు మడిలో పిలకలు ఇంకా వస్తున్నాయి. వాన పడ్డ మర్నాడు మట్టి మెత్తగా ఉంటుంది గనక పార పట్టుకుని వెళ్తాను. "మీరెందుకండీ, మా పనిమనిషి తీస్తుంది" అంటారు పక్కింటావిడ. తెంపకుండా లాగడం ఆ పిల్లకి చూపించాను గానీ, తియ్యడం మాత్రం నేనే తీస్తున్నాను.