సీసపు గుండు ఆత్మకథ

గడియారపు గొలుసు కొనను వ్రేలాడు చిన్న సీసపు గుండును నేను. జర్మనీ దేశమందలి బ్లాక్ ఫారెస్టు సీమలో వెలసిన కుక్కూ గడియారములలో సామాన్యమైనదానికి రెండు గుండ్లుండును; ఒకటి ముండ్లను నడపగా, రెండవది గంట కొట్టించి పక్షిచే పలికించును. అట్టి యొక గడియారమున ముండ్లను నడపు ఇనుప గుండు ఏనాడో పోగా, దాని చోట వ్రేలాడుటకై నేను జన్మించితిని.

నన్ను పోయుటకు పూర్వమే గడియారమునకు మురికి తుడిచి, ఇరుసులకు నూనె పెట్టిరి. ఏలయన మురికిచే నిలిచిపోవు యంత్రమునకు గుండు బరువు పెంచినచో, అది కొన్నాళ్లు నడిచినను ఇరుసులును పండ్లును త్వరలో అరిగిపోవును. పిమ్మట గొలుసునకు చిన్న డబ్బా కట్టి, అందు సీసపు గుళికలను కొద్దికొద్దిగా వేయుచు, లోలకము తొట్రుపడక రేయింబవళ్లు ఊగువరకు వేచి, ఆ డబ్బాను త్రాసున తూచిరి. దినమున కొకమారు గొలుసు లాగు చిన్న గడియారములకు వాడుకయైన 275 గ్రాముల చేరువనే ఆ తూకము నిలిచెను.

సీసము 327 డిగ్రీల సెంటీగ్రేడు వేడికే కరగును గాన ఇంటివద్దనే నన్ను పోయుట సాధ్యమైనది. కాని ఆ పొగయు ధూళియు విషములగుటచే, పిల్లలను దూరముంచి, గాలియాడు ఆరుబయట, వంటకు మరల వాడని ఇనుప మూకుడులో నన్ను కరగించిరి. అచ్చులో ఒక్క నీటిబొట్టున్నను అది క్షణమున ఆవిరియై కరిగిన సీసమును ముఖముపైకి చిమ్మును గనుక, దానిని ముందుగనే బాగుగా కాచి ఆరబెట్టిరి. తెట్టు తీసి, నడుమ తీగకొక్కెము నిలిపి, నన్ను మెల్లగా పోసిరి. చల్లారునపుడు కుంచించుకొని నా నెత్తిన చిన్న గుంట పడెను. ఒకింత అధికముగా పోసిన నన్ను కత్తితో చెక్కి తూకమునకు తెచ్చి, చెక్కుడును జాగ్రత్తగా ఏరి, చేతులు సబ్బుతో కడిగికొని, తాకువారికి సీసమంటకుండ నాకు రంగు పూసిరి. సీసము ఇనుముకంటె సాంద్రమగుటచే, అంతే తూకముండియు నేను పాత గుండుకంటె పొట్టినైతిని.

క్రిందికి దిగుటయే నా పని. లోలకము ఒకమారు అటునిటు ఊగినప్పుడెల్ల చక్రమును ఒక్కొక్క పంటిచొప్పున విడుచుచుండుటచే, నా పతనము గడియలుగా విభక్తమై ఇంటివారికి కాలము నెరిగించుచున్నది. భారము సీసమునకు పుట్టుకతోనే కలదు. ఆ భారమునకు మేర యేర్పరచి, గడియారమునకు హానిచేయని సేవకునిగా నన్ను తీర్చినది మాత్రము తొందరపడక తూచిన మనుష్యహస్తము.