వజ్రకవచమూ పెన్సిలు ముక్కా

దసరా ఆఫర్ల పుణ్యమా అని కొత్త కారుకు జరిపించవలసిన సంస్కారాల జాబితాలో మరొకటి చేరింది. షోరూము నుంచి బండి తిన్నగా గుడికి వెళ్లి, చక్రాల కింద నిమ్మకాయలు నలిపించుకుని, బోనెట్ మీద పసుపు కుంకుమలతో స్వస్తిక్ వేయించుకుని ఇల్లు చేరే పాత ఆచారం వెనకబడిపోయింది. ఇప్పుడు డీటెయిలింగ్ స్టూడియో అనే అద్దాల గదిలో తెల్లని దీపాల కింద రెండు మూడు రోజులు దీక్ష వహించి, సిరామిక్ కోటింగ్ అనే కవచాన్ని ధరించి, ఆపైన వారం రోజులు ఒంటి మీద నీటిచుక్క పడనివ్వని మడి పాటించడం పరువైన కార్ల లక్షణమైంది. కొబ్బరినీళ్లు బోనెట్ మీద చిందుతాయేమోనని పూజారిని నాలుగడుగులు దూరంగా నిలబెట్టే భక్తులు కూడా తయారయ్యారు.

కవచం మహిమ తెలియాలంటే అది కాపాడే వస్తువు సంగతి ముందు తెలియాలి. కారు రంగు ఒక్క పూత కాదు. ఉక్కు రేకు మీద మొదట విద్యుత్తు సాయంతో అంటించే తుప్పు నిరోధక పూత, దాని మీద ప్రైమరు, ఆ మీద అసలు రంగైన బేస్ కోటు, అన్నిటికీ పైన రంగులేని వార్నిషు వంటి క్లియర్ కోటు ఉంటాయి. మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాన్ అంటారు. ఆ లెక్కలో ఈ నాలుగూ కలిసి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మందం తూగుతాయి. సిరామిక్ కోటింగ్ అంటే సిలికా జాతికి చెందిన ద్రవం. గుడ్డతో పులిమితే ఆరి గట్టిపడి, ఒకటి రెండు మైక్రాన్ల పొరగా మిగులుతుంది. తల వెంట్రుక మందం ఇంచుమించు 70 మైక్రాన్లు. అంటే ఒక వెంట్రుకను నిలువునా ముప్పై నలభై పొరలుగా చీల్చి, అందులో ఒక పొరను కంకర రాయికి అడ్డుపెట్టి, ఆ ఏర్పాటుకు అయిదేళ్ల వారంటీ కార్డు రాసివ్వడం ఈ వ్యాపారం సారాంశం.

ఇక 9హెచ్. ప్రకటనలన్నిటిలోనూ రంగు కన్నా ఎక్కువగా మెరిసేది ఈ మాటే. వజ్రం కాఠిన్యం పది అయితే తమ పూత కాఠిన్యం తొమ్మిదని అమ్మేవారు చెబుతారు, కొనేవారు తల ఊపుతారు. వజ్రానికి పదో స్థానం ఇచ్చిన కొలమానం 1812లో జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ మోస్ రూపొందించినది. ఏ ఖనిజం దేనిని గీయగలదో చూసి పేర్చిన ఆ వరుసలో బలపపు రాయికి మూలమైన మెత్తని టాల్క్ మొదటిది, వజ్రం పదోది. తొమ్మిదో స్థానం కురువిందానిది, అంటే కెంపులూ నీలాలూ ఏ ఖనిజం నుంచి పుడతాయో దానిది. కాబట్టి ప్రకటనను నమ్మితే, గచ్చిబౌలిలో ట్రాఫిక్కులో ఇరుక్కున్న ప్రతి మూడో కారూ నిజాం నవాబు నగల పెట్టెలో నుంచి లేచి వచ్చిందని నమ్మవలసి ఉంటుంది.

అసలు సంగతేమిటంటే, ఆ హెచ్‌కు మోస్‌తో చుట్టరికం లేదు. అది పెన్సిలు మీద ఉండే హెచ్. బడిలో డ్రాయింగు మాస్టారు హెచ్‌బి తెమ్మన్నప్పుడు పిల్లలు కొనుక్కొచ్చేది కూడా ఈ కుటుంబపు పెన్సిలే. హెచ్ అంటే గట్టిది, బి అంటే నల్లనిది. రంగుల పరిశ్రమలో పెన్సిలు కాఠిన్య పరీక్ష అనేది ఒకటుంది. పూత పూసిన పలక మీద పెన్సిలును 45 డిగ్రీల వాలులో ఆనించి, సాధారణంగా 750 గ్రాముల బరువుతో నెట్టుకుంటూ పోయి, ఏ పెన్సిలుకు గీత పడింది, ఏ పెన్సిలుకు పడలేదు అని చూస్తారు. ఆ పరీక్షలో వాడేవాటిలో అన్నిటికన్నా గట్టిదైన 9హెచ్ పెన్సిలు కూడా గీయలేకపోతే ఆ పూతకు 9హెచ్ అనే హోదా దక్కుతుంది. ఇది నిజాయితీ గల పరీక్షే, చవకైనదీ పనికివచ్చేదీ కూడా. అయితే అది రుజువు చేసేది ఒక్కటే, ఎవరైనా పెన్సిలు పట్టుకుని కారు మీదికి వస్తే భయపడనక్కర లేదని.

రోడ్డు మీద పెన్సిళ్లు ఎగిరిరావు, రాళ్లు ఎగిరివస్తాయి. పెన్సిలు ముక్కులో ఉండేది గ్రాఫైటూ కాల్చిన బంకమట్టీ కాగా, హైదరాబాదు చుట్టూ పరుచుకున్న సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటులో దండిగా ఉండే క్వార్ట్‌జ్‌కు మోస్ వరుసలో ఏడో స్థానం ఉంది. ఆ గ్రానైటునే క్రషర్లలో నలగ్గొట్టి కంకరగానూ రోబో శాండుగానూ రోడ్లకెత్తుతున్నారు. ఇంతటితో ఆగినా బాగుండేది. ప్రామాణిక పరీక్షలోని పెన్సిళ్ల వరుస 9హెచ్ దగ్గర ముగుస్తుంటే కొందరు 10హెచ్ పూత కూడా అమ్ముతున్నారు. నూటికి నూటపది మార్కులు వేసిన పరీక్షకుణ్ణి లోకం ఏమంటుందో ఇక్కడ గుర్తుచేయనక్కర లేదు.

పైగా కాఠిన్యం వేరు, దెబ్బకు ఓర్చే గుణం వేరు. వజ్రం దేనినైనా గీస్తుంది గానీ సుత్తితో కొడితే పగులుతుంది. రాయి తగిలి పెచ్చు ఊడటం గీతకు సంబంధించినది కాదు, దెబ్బకు సంబంధించినది. కనుక పూత నిజంగా కెంపుతో చేసినదే అయినా, కింద ఉన్న మెత్తని రంగుతో పాటు అదీ పెచ్చుగా లేచిపోతుంది. ఈ సత్యం స్టూడియోలకు తెలియదనుకోవడం పొరపాటు. వారంటీ కార్డులోని చిన్న అక్షరాల్లో రాళ్ల దెబ్బలు, పక్షి రెట్టలు, ఉప్పునీటి మరకలు, తాళంచెవి గీతలు వర్తించవనే రాసుకుంటారు.

తామరాకు మీద నీటిబొట్టులా బోనెట్ మీద నీరు జారిపోయే వీడియో నీటి గురించి చెబుతుంది, రాయి గురించి కాదు. లైటరు మంట తాకించి చూపే గారడీ దేనికి రుజువో చేసేవారికే తెలియాలి. టూత్‌పేస్టుతో గీతలు పోగొట్టేవారు గీతను తీయడం లేదు, అందులోని సన్నని రాపిడి పొడితో గీత చుట్టూ ఉన్న క్లియర్ కోటును అరగదీస్తున్నారు.

పీపీఎఫ్ అనే పారదర్శకమైన ఫిల్ము గురించి మాత్రం కాస్త న్యాయంగా మాట్లాడాలి. వియత్నాం యుద్ధకాలంలో హెలికాప్టర్ రెక్కల అంచులను ఇసుక నుంచి కాపాడటానికి పుట్టిన ఈ ఉపాయం నేడు 150 నుంచి 200 మైక్రాన్ల పాలీయురేథేన్ పొరగా దొరుకుతున్నది. అది గట్టిది కాదు, సాగేది, అందుకే దెబ్బను మింగగలదు. ఎండ తగిలితే దానంతట అదే మానిపోతుందన్న మాటలో నిజమెంతంటే, పైపొర మీది సన్నని గీతలు మానతాయి, ఫిల్మును చీల్చుకుపోయిన గాటు మానదు. మొత్తం కారుకు అతికించడానికి లక్ష దాటే ఖర్చును అపార్ట్‌మెంటువారు సంతోషంగా భరిస్తారు. ఆ కారునే రోజూ తెల్లవారుజామున ఒక్క బకెట్టు నీళ్లతో పది కార్లు తుడిచే కుర్రవాడికి అప్పగించి, దుమ్ము నిండిన పొడిగుడ్డతో రుద్దించుకుంటారు. కార్ల మీద సాలెగూడులా కనిపించే గీతల్లో ఎక్కువ భాగం ఆ గుడ్డవే. తప్పు ఆ కుర్రవాడిది కాదు, రెండో బకెట్టుకూ శుభ్రమైన గుడ్డకూ డబ్బులివ్వని యజమానిది.

ఈ కవచాల గోల వినోదంగానే ఉండేది, అసలు రాయి ఎక్కడి నుంచి వస్తున్నదనే ప్రశ్న అడగకుండా ఉంటే. అది ఆకాశం నుంచి రాలడం లేదు. పట్టా కప్పకుండా, అంచులు దాటేలా కంకర నింపుకుని, వెనక చక్రాలకు రబ్బరు ఫ్లాపులైనా లేకుండా పరిగెత్తే టిప్పరు నుంచి వస్తున్నది. గుంత పూడ్చామని చెప్పి తారు చాలని కంకరను రోడ్డు మీద ఆరబోసి వెళ్లిపోయిన కాంట్రాక్టరు చేతి నుంచి వస్తున్నది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 194వ సెక్షను అధిక బరువుకు 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు జరిమానా నిర్ణయించింది. ఆ సెక్షను పుస్తకంలో భద్రంగా ఉంది, టిప్పరు రోడ్డు మీద భద్రంగా ఉంది. కారు బోనెట్ మీద ఆవగింజంత పెచ్చు లేపిన ఆ రాయే వెనక వస్తున్న బైకు మీది మనిషి కంటికి తగిలితే కన్ను పోతుంది. ఆ కంటికి అతికించే ఫిల్మును ఏ స్టూడియో అమ్మదు. తన బోనెట్‌కు లక్ష ఖర్చుపెట్టి, పట్టా లేని టిప్పరు మీద ఒక్క ఫిర్యాదైనా చేయని మర్యాదస్థుల సమాజం ఇది. ఇందులో నవ్వడానికి ఏమీ లేదు.

మిగిలినది సామాన్యమైన భౌతిక శాస్త్రం. అరిటాకు వచ్చి ముల్లు మీద పడినా, ముల్లు వచ్చి అరిటాకు మీద పడినా చిరిగేది అరిటాకే. గాలిలోకి లేచిన రాయి చాలాసార్లు దాదాపు నిలిచే ఉంటుంది, కారే వెళ్లి దాన్ని ఢీకొంటుంది. దెబ్బ శక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 60 కిలోమీటర్ల వేగంలో తగిలిన రాయి 120లో నాలుగింతల శక్తితో తగులుతుంది. టిప్పరుకు వంద మీటర్లు వెనకగా నడపడానికి జీఎస్టీ కూడా లేదు.

అయినా పెచ్చు లేస్తే ప్రాణం పోదు. గోరుతో నిమిరి చూసినప్పుడు గోరు పట్టుకోకపోతే గీత క్లియర్ కోటులోనే ఉందని, పాలిష్‌తో పోతుందని అర్థం. ఉక్కు కనిపిస్తే మాత్రం వానాకాలంలోపు, విశాఖ వంటి ఉప్పుగాలి ఊళ్లలో అయితే ఇంకా ముందే మూయాలి, లేకపోతే తుప్పు రంగు కింద నుంచి పాకుతుంది. ప్లాస్టిక్ బంపరుకు ఆ తొందరైనా లేదు. 1500 సీసీ లోపు కారుకు బీమా క్లెయిములో తొలి 1,000 రూపాయలు ఎలాగూ యజమానివే, పైగా అయిదేళ్లలో 50 శాతం దాకా పెరిగే నో క్లెయిమ్ బోనస్ ఒక్క క్లెయిముతో సున్నాకు దిగుతుంది కనుక చిన్న పెచ్చుకు బీమా జోలికి వెళ్లడం తెలివితక్కువ. కారు మీది స్టిక్కరుపై ఉండే రంగు కోడు చెప్పి, కొన్ని వందలకు దొరికే టచప్ సీసా తెచ్చుకుని, తుప్పును గీకి తుడిచి, ఒక్కసారే మందంగా పులమకుండా పొర ఆరాక పొర వేయాలి. సీసా మూతకున్న కుంచె అంత చిన్న పెచ్చుకు మరీ వెడల్పు కాబట్టి దాన్ని పక్కనపెట్టి పళ్లపుల్ల కొన వాడుకోవచ్చు. ఆ పుల్ల ఎన్ని హెచ్‌లో ఇంతవరకు ఎవరూ అడగలేదు.