మెటీరియల్ దిగిందా?

మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. ఇంటికొచ్చిన చుట్టాలెవరూ దాన్ని "బాగున్నావా అమ్మా" అని అడగరు. "ఏ మెటీరియల్ చదువుతున్నావు?" అని అడుగుతారు. నేనేమో ఇరవై రెండేళ్ళుగా కట్టుబడి పనిలో ఉన్నవాణ్ణి. నాకు మెటీరియల్ అంటే ఇసుక, కంకర, సిమెంటు, స్టీలు. "మెటీరియల్ దిగిందా?" అంటే లారీ వచ్చిందా అని. ఆ మాటకు ఇంకో అర్థం కూడా ఉందని నా నలభై ఏడో ఏట తెలిసొచ్చింది.

మూడేళ్ళ కిందటి మాట. మా ఆఫీసుకు ఒక అమెరికా కంపెనీ భవనం పని తగిలింది. వాళ్ళు పంపిన షరతుల్లో, మీ వాళ్ళలో ఒక్కరైనా 'లీడ్ గ్రీన్ అసోసియేట్' ఉండాలని ఓ వాక్యం ఉంది. మా సారు మీటింగులో అందరి మొహాలూ వరసగా చూసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగారు. కుర్రాళ్ళంతా అప్పటికే తలలు వంచుకుని ఫోన్లలో పడ్డారు. "మీరు సీనియర్ కదా, రాసెయ్యండి" అన్నారు, హాజరు పట్టీలో సంతకం పెట్టెయ్యమన్నంత తేలిగ్గా. పరీక్ష ఫీజు 250 డాలర్లు. ప్యాసైతే ఆఫీసు ఇస్తుంది. తప్పితే అది నా సొంత విషయం.

లీడ్ అంటే అమెరికా గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ వాళ్ళు భవనాలకు వేసే మార్కులు. మొత్తం 110 పాయింట్లు. 40 వస్తే సర్టిఫికెట్, 50కి వెండి, 60కి బంగారం, 80కి ప్లాటినం. నీళ్ళు ఆదా చేస్తే కొన్ని, కరెంటు ఆదా చేస్తే కొన్ని, సైకిళ్ళకు చోటు చూపిస్తే ఒకటి. ఈ మార్కుల లెక్క మనిషికి ఎంతవరకు తెలుసో చూడటానికి మళ్ళీ ఆ మనిషికి ఇంకో పరీక్ష. భవనం సంగతి నయం, అది రాత్రుళ్ళు మేలుకుని చదవక్కర్లేదు.

"నాన్నా, ముందు మెటీరియల్ సంగతి చూడు. చదవడం తర్వాత" అంది మా అమ్మాయి. నేను ఆ సలహాలో మొదటి సగం మాత్రం ప్రాణం పెట్టి పాటించాను.

ఆదివారం పొద్దున అబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల దగ్గర మొదలుపెట్టాను. "గ్రీన్ బిల్డింగ్" అంటే ఒకాయన పెరటి తోటల పెంపకం తీసిచ్చాడు. కోఠీలో ఒక పాత పుస్తకం దొరికింది. దాని పాత యజమాని మొదటి ఇరవై పేజీల్లో ప్రతి వాక్యం కిందా గీత గీశాడు, ఇరవై ఒకటో పేజీ నుంచి చివరిదాకా తెల్లగా వదిలేశాడు. పరీక్ష వదులుకున్నాడో, ఉద్యోగమే వదులుకున్నాడో గాని, నాకు ఆయన మీద తోబుట్టువు మీద ఉండేంత ప్రేమ పుట్టింది. బెంగళూరులో ఉన్న పాత సహోద్యోగి తన నోట్సు మెయిల్ చేశాడు. దుబాయ్‌లో ఉన్న తోడల్లుడు వాట్సాప్‌లో పాత ప్రశ్నల డంప్ ఒకటి పంపించి, "అన్నా, ఇదే బట్టీ పట్టు, మక్కీకి మక్కీ ఇవే వస్తాయి" అన్నాడు. ఇవి చాలక రెండు యాప్‌లు, నాలుగు యూట్యూబ్ ఛానెళ్ళు, ఫ్లాష్ కార్డుల పెట్టె ఒకటి. అన్నిటికీ మించి రిఫరెన్స్ గైడ్ అని ఒక మహాగ్రంథం ఉంది, తలగడ మందం.

కంప్యూటర్‌లో చదివితే నాకు ఎక్కదు. అమీర్‌పేటలో జిరాక్సు షాపుకు పెన్‌డ్రైవ్ పట్టుకెళ్ళాను. "సింగిల్ సైడా సార్, బ్యాక్ టు బ్యాకా?" అన్నాడు కుర్రాడు. పక్కన నోట్సు రాసుకోవచ్చని సింగిల్ సైడ్ అన్నాను. స్పైరల్ బైండింగులు తొమ్మిదయ్యాయి. రెండు గోనె సంచుల్లో ఆటోలో వేసుకొచ్చాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఒక సంచి విప్పి చూసింది. "ఏమండీ, ఇది చెట్లను కాపాడే పరీక్షేగా?" అంది. అంతే. ఆ తర్వాత నెల రోజులు ఆ మాట మా ఇంట్లో ఫ్యాను తిరిగినట్టు తిరుగుతూనే ఉంది.

మెటీరియల్ పోగేసేవాళ్ళకు ఒక సుఖం ఉంది, అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. కొత్త పుస్తకం ఇంటికొచ్చిన రోజున అది చదివేసినట్టే ఉంటుంది. దాని మీద పేరు రాసి, అట్ట వేసి, బల్ల మీద పెడితే సగం సిలబస్ అయిపోయినట్టే. మిగతా సగం కోసం మర్నాడు ఇంకో పుస్తకం వెతకాలి. ఇలా నేను ఆరు వారాల్లో పదకొండు పుస్తకాలు 'పూర్తి' చేశాను.

చదవడం మొదలుపెట్టిన రోజు అసలు చిక్కు బయటపడింది. ఇటుక, రాయి లాంటివి దగ్గర్లోంచి తెస్తే భవనానికి మంచి లెక్క. దగ్గర అంటే ఎంత దూరం? కోఠీ పుస్తకం 500 మైళ్ళు అంది. బెంగళూరు నోట్సు 100 మైళ్ళు అంది. అంటే ఒకరిది 800 కిలోమీటర్లు, ఇంకొకరిది 160. మొదటి లెక్కలో ముంబయిలో తయారైనదీ మన ఊరి సరుకే. రెండో లెక్కలో మా సైటులో పరిచే తాండూరు బండ లోపలికొస్తుంది, బేతంచెర్ల బండ బయటికి పోతుంది. ఒకే రాయి, ఒకే ఇల్లు. పుస్తకం మారితే చుట్టరికం మారిపోతోంది.

రెండు రోజులు తల పట్టుకున్నాక అట్ట వెనక పేజీ తిప్పాను. కోఠీ పుస్తకం 2009 నాటి లీడ్ వెర్షన్‌ది. బెంగళూరు నోట్సు 2013లో వచ్చిన నాలుగో వెర్షన్‌ది. నేను రాయబోయే పరీక్ష ఈ నాలుగోదాని మీదే. తోడల్లుడు పంపిన డంప్ తెరిచి చూస్తే అదీ 2009దే. అందులో జవాబులు మూడో వంతు తప్పు, ఇంకో మూడో వంతు ఒకప్పుడు ఒప్పు. ఫోన్ చేసి అడిగితే, "నేనెప్పుడు రాశాను అన్నా, నాకూ ఎవరో ఫార్వర్డ్ చేశారు" అన్నాడు.

నీళ్ళ పాఠం మాత్రం నన్ను పుస్తకాల్లోంచి లేపి బాత్రూంలోకి తోసింది. టాయిలెట్ ఒక్కసారి నొక్కితే 1.6 గ్యాలన్లు, షవర్ నిమిషానికి 2.5 గ్యాలన్లు, ఆఫీసుల్లో చేతులు కడుక్కునే కుళాయి అర గ్యాలన్ అని లెక్కలు. వీటికంటే ఎంత తక్కువ వాడితే అన్ని పాయింట్లు. అంకెలు ఎంతకీ బుర్రకెక్కక, బక్కెటూ ఫోన్లో స్టాప్‌వాచీ పట్టుకుని మా షవర్ కింద నిలబడ్డాను. నిమిషానికి తొమ్మిదిన్నర లీటర్లు వస్తే అమెరికాతో సమానం. మాది పద్నాలుగు దాటింది. మా ఆవిడ తలుపు కొట్టి, "నీళ్ళొచ్చేది రోజు విడిచి రోజు, గుర్తుందా?" అని కేక పెట్టింది. మర్నాడు మళ్ళీ కొలిస్తే సున్నా. మా కాలనీ రోజు విడిచి రోజు నూటికి నూరు శాతం నీటి ఆదా చేస్తోంది. దీనికి ఎన్ని పాయింట్లిస్తారో ఏ మెటీరియల్‌లోనూ లేదు.

పుస్తకాల మీద విసుగొచ్చి, కట్టిన భవనాన్నే చూస్తే పోలా అనుకున్నాను. హైటెక్ సిటీ దగ్గర సీఐఐ సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉంది. అమెరికా బయట లీడ్ ప్లాటినం అందుకున్న మొదటి భవనం అదే, 2003లో. 2004 జూలైలో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. దాని పక్కనుంచి ఎన్నేళ్ళుగానో పోతున్నాను గాని ఒక్కసారీ లోపల అడుగుపెట్టలేదు. అనుమతి తీసుకుని, ఊరినుంచి వచ్చిన మా అమ్మను కూడా వెంటబెట్టుకెళ్ళాను. మధ్యలో ఆకాశం కనిపించే ముంగిలి, చుట్టూ జాలీ గోడలు, కప్పు మీద పచ్చిక, గాలిని చల్లబరిచి లోపలికి పంపే గోపురాలు.

నా మనసులో అప్పటికే ఓ ఉపన్యాసం తయారై ఉంది. చూశావా అమ్మా, ఇదంతా మన మండువా లోగిలే కదా, మన పెద్దవాళ్ళకు అన్నీ ముందే తెలుసు కదా అని. నోరు తెరిచేలోపు అమ్మే అంది: "ఒరేయ్, వానొస్తే ఇక్కడ గిన్నెలు ఎక్కడెక్కడ పెడతారు?" మా మండువా ఇంట్లో వానాకాలమంతా పదిహేడు చోట్ల గిన్నెలు పెట్టేవాళ్ళట. తేళ్ళు వచ్చేవట. పొయ్యి పొగ దూలాల్లో చేరి ఆవిడకు ఇప్పటికీ దగ్గే. "ఇది కారట్లేదు. ఇది మనదెలా అవుతుంది?" అంది. ఉపన్యాసం మింగేశాను. పరీక్షలో ఇంట్లోపలి గాలి నాణ్యత మీద అడిగిన ప్రశ్నలు నేను బాగా రాయడానికి కారణం ఆ దగ్గే.

ఇంకా మూడు వారాలుందనగా మా అమ్మాయి నా బల్ల దగ్గరికొచ్చింది. "సిలబస్ ఏది నాన్నా?" అంది. పదకొండు పుస్తకాలు, తొమ్మిది బైండింగుల్లో వెతికాం. లేదు. అది ఫోన్ తీసి రెండు నిమిషాల్లో పట్టేసింది. పరీక్ష పెట్టేవాళ్ళే ఉచితంగా ఇచ్చే కరదీపిక అది. ఏ పాఠంలోంచి ఎన్ని ప్రశ్నలొస్తాయో అందులో అచ్చేసి ఉంది. లీడ్ నడిచే తీరు మీద 16, కరెంటు మీద 10, నీళ్ళ మీద 9. ఏ పుస్తకాలు చూడాలో కూడా వాళ్ళే రాశారు. "ఇదొక్కటి, ఒక కోర్ కాన్సెప్ట్స్ పుస్తకం, రోజుకో మాక్ టెస్టు. మిగతావి మంచం కిందకి" అని తీర్పు చెప్పేసింది. అన్నేళ్ళుగా దాని స్కూలుకు నేను కట్టిన ఫీజులో తిరిగొచ్చిన మొదటి వాయిదా అదే.

పరీక్ష రెండు గంటలు, వంద ప్రశ్నలు. మార్కులు సున్నా నుంచి మొదలవ్వవు. 125 నుంచి 200 దాకా వేస్తారు, 170 వస్తే ప్యాసు. ఏమీ రాయకపోయినా 125 అన్నమాట. ఇంటర్‌లో ఈ పద్ధతే ఉండుంటే మా బావమరిది ఈపాటికి డాక్టరు. ఇంకో తమాషా ఏమిటంటే వందలో 15 ప్రశ్నలు లెక్కలోకి రావు. అవి వాళ్ళు పరీక్షించి చూసుకునేవి. ఏ పదిహేనో చెప్పరు. తెలియని ప్రశ్న ఎదురైనప్పుడల్లా "ఇది ఆ పదిహేనులోదే" అని నన్ను నేను ఓదార్చుకున్నాను. చివర్లో లెక్కేస్తే నలభైసార్లు ఓదార్చుకున్నాను.

174 వచ్చింది. సారు స్వీట్లు తెప్పించారు. ఆ భవనం పని మాత్రం ఇంకో ఆఫీసుకు పోయింది, అది వేరే కథ.

ఈ మధ్యే మంచం కింద దులుపుతుంటే సంచులు బయటపడ్డాయి. 2025 ఏప్రిల్‌లో లీడ్ అయిదో వెర్షన్ వచ్చేసింది కాబట్టి నా మెటీరియలంతా ఇప్పుడు కోఠీ పుస్తకానికి తోబుట్టువే. చదవడానికి పనికిరాదు గాని కాగితం మంచిది, రెండో వైపు పూర్తిగా తెల్లది. చిత్తు లెక్కలు చేసుకునే పిల్లలున్నవాళ్ళెవరైనా వచ్చి పట్టుకెళ్ళండి. సంచీ మీరే తెచ్చుకోండి. మా ఇల్లు మెట్రో స్టేషన్‌కు 800 మీటర్లలోపే, నడిచి రావచ్చు.