అంకితం అయిపోయిన నవల

వినాయకుణ్ణి చెరువులో కలిపిన మర్నాడే మేస్టారు అటక మీంచి స్వెట్టరు దింపిస్తారు. రావికమతంలో అప్పటికింకా ఉక్కపోత వదలదు, ఫ్యాను కింద కూర్చున్నా బనీను ఒంటికి అంటుకుపోతుంటుంది. ఆయన మాత్రం ఆ స్వెట్టరు కుర్చీకి తగిలించి, ఎదర తెల్లకాయితాల దస్తా పెట్టుకుని, "శరత్తు వచ్చీసింది. ఇంక నవల మొదలెట్టీడమే" అంటారు, వీధిలోవాళ్ళకి వినబడేలా. ఇలాంటి మేస్టారు ప్రతి మండలానికీ ఒకరుంటారు. రిటైరైన తెలుగు పండితుడు కావచ్చు, పోస్టుమాస్టరు కావచ్చు. ఏడాదంతా మామూలుగానే ఉండి, ఆశ్వయుజం రాగానే సాహిత్యం పూనుతుంది. మార్గశిరంలో దిగిపోతుంది.

మా మేస్టారికి ఈ జబ్బు ముదరడానికి కారణం ఫోను. విదేశాల్లో రచయితలు శరత్తులో ఎలా బతుకుతారో అందులో చూశారు. కిటికీ అవతల ఎర్రటి ఆకులు రాలుతుంటాయి, ఇవతల గుమ్మడికాయ కేకు పొగలు కక్కుతుంటుంది, ఒళ్ళో పుస్తకం, పక్కన పిల్లి. మన వైపు ఆశ్వయుజంలో ఆకులు రాలవు. వరి పొట్ట మీద ఉంటుంది, చెరకు నిలువెత్తున పచ్చగా ఉంటుంది. రాలడానికి మాఘ ఫాల్గుణాలు రావాలి. నవల కోసం ఏళ్ళు ఆగే ఓపిక ఉంది గానీ ఆకుల కోసం అన్ని నెలలు ఆగే ఓపిక మేస్టారికి లేదు. బడి ఆవరణలో బాదం చెట్టుకి ఏ కాలంలోనైనా ఒకటీ అరా ఆకులు ఎర్రబడి ఉంటాయి. మనవణ్ణి పంపి వాటిని ఏరించి, బల్ల మీద చల్లించుకున్నారు. పిల్లి దొరకలేదు.

కేకు మాత్రం దొరికింది, అంటే చేశారు. దసరాకి ఊరంతా బూడిద గుమ్మడికాయలు పగలగొడుతుంటే ఈయన తీపి గుమ్మడికాయ కోసం సంతంతా తిరిగారు. పంచదార బదులు అనకాపల్లి బెల్లం. ఓవెను బదులు కుక్కరు, అడుగున పక్కింటివాళ్ళు మేడ కట్టగా మిగిలిన ఇసుక. ఈలా, గ్యాస్కెట్టూ తీసెయ్యాలని ఫోనులో చెప్పారట. ఈల తీశారు. గ్యాస్కెట్టు కాలిన కంపుకి వీధి చివర టీకొట్టువాడు కూడా వచ్చి చూశాడు. రెండోసారి కేకు బాగానే పొంగింది. మేస్టారి భార్య ఓ ముక్క నోట్లో వేసుకుని, "ఏటండీ, దీనికేనా ఇంత హంగామా? మా అమ్మ కిందా మీదా నిప్పులెట్టి దిబ్బరొట్టె కాల్చీది. పైన ఎర్రగా, లోపల మెత్తగా. ఒక్కరోజూ ఫోను చూళ్ళేదు" అన్నారు. మేస్టారు విననట్టు నటించారు. ఆవిడ నాగులచవితికి చిమ్మిలి దంచుతుంటే రోటి చప్పుడుకి ఏకాగ్రత చెడుతోందని చెప్పి, వాకిట్లో కూర్చుని ఆ చిమ్మిలే తిన్నారు.

చదువు విషయంలో ఆయన్ని ఎవరూ వేలెత్తి చూపలేరు. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాల్లో ఏదో ఒక రోజు సభకి ఆయనే అధ్యక్షుడు. పఠనాసక్తి నశించిపోతోందని కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. చాలా ఏళ్ళుగా ఆయన చదువుతున్న పుస్తకం ఒకటే, ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర'. వీరాస్వామయ్య 1830 మేలో చెన్నపట్నంలో బయల్దేరి, కాశీ చేరి, తిరిగి 1831 సెప్టెంబరుకల్లా ఇంట్లో ఉన్నాడు. పల్లకీ మీదా, కాలినడకనా పదిహేను నెలల పైచిలుకు ప్రయాణం, దారి పొడుగునా రాసుకుంటూనే పోయాడు. మేస్టారు ఆయనతో కలిసి బయల్దేరి ఇంకా కడప దాటలేదు. "తిరుగు ప్రయాణంలో మన విశాఖ మీదుగానే వస్తాడు కదా, అప్పుడు కలుసుకుంటాను" అంటారు.

విశాఖ అంటే గుర్తొచ్చింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టి మమ్మల్ని అనకాపల్లి జిల్లాలో వేసినప్పుడు ఊళ్ళో అందరూ కాయితాల మీద అడ్రసు మార్చుకోవాలని విసుక్కుంటే, సంతోషించినవారు మేస్టారొక్కరే. "విశాఖలో శ్రీశ్రీ, రావిశాస్త్రి, ఒకటే రద్దీ. గురజాడ పుట్టిన ఎస్.రాయవరం ఇప్పుడు మన జిల్లా. ఇంక ఇటువైపు మేమిద్దరమే."

ఇంతకీ నవల ఏదంటారా? ఉండేది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను పట్టుకుపోయింది. ఆ తుపాను విశాఖలో చెట్టన్నది మిగల్చలేదు, కాబట్టి కాయితాలు పోవడంలో వింతేం లేదు. అయితే ఆ ఏడాది దీపావళికి పోయింది ఒక అధ్యాయమే. తర్వాత అది మూడైంది, ఏడైంది. ఇప్పుడు పూర్తి నవలే పోయింది, ముందుమాటతో సహా. పోయినకొద్దీ పెరుగుతున్న గ్రంథం తెలుగులో ఇంకోటి ఉందేమో పరిశోధకులు చూడాలి.

రాయడానికి వాతావరణం కావాలన్నది ఆయన సిద్ధాంతం. వాతావరణం లంబసింగిలో ఉంటుంది. కార్తీకంలో ఓ అర్ధరాత్రి మంకీ క్యాపు పెట్టుకుని, బావమరిది మోటారుసైకిలు వెనకెక్కి, కొత్తకోట, నర్సీపట్నం మీదుగా ఘాటు ఎక్కారు. వెయ్యి మీటర్ల ఎత్తున మంచుకంటే ముందు మంచు చూడ్డానికొచ్చిన జనం కనబడ్డారు. అంతమంది సెల్ఫీల నడుమ కలం తియ్యడం బాగుండదని తియ్యలేదు. బొంగులో చికెన్ తిన్నారు. కార్తీకమాసం కదా మేస్టారూ అంటే, "అది ఘాటు కింద లెక్క" అన్నారు. ఇంకో వారం మాడుగుల వెళ్ళి, గోధుమపాలు తీసి నేతిలో హల్వా తిప్పే పద్ధతిని దగ్గరుండి పరిశీలించారు. నవలలో ఆరో అధ్యాయానికి అవసరమట. పరిశీలన కిలో దాకా సాగింది.

ఈ తిండికీ తిరుగుడికీ డబ్బెక్కడిది? పూర్వం కవి కావ్యం రాసి, అంకితమిచ్చి, అగ్రహారం పుచ్చుకునేవాడు. మేస్టారు వరస మార్చారు. నవల అంకితం ఒక రైసుమిల్లు ఆసామికి ఇచ్చారు, ఏటా బియ్యం బస్తా వస్తోంది. అదే నవల ఒక బెల్లం వ్యాపారికీ ఇచ్చారు, దిమ్మ వస్తోంది. మోటారుసైకిలు కోసం బావమరిదికీ ఇచ్చారు. ఒకరి సంగతి ఒకరికి తెలీదు.

కిందటి కార్తీకంలో కల్యాణపులోవ రిజర్వాయరు దగ్గర వనభోజనాలకి ముగ్గురూ వచ్చారు. ఉసిరిచెట్టు కింద ఒకే బంతిలో కూర్చున్నారు. పులిహోర వడ్డన దాకా బాగానే జరిగింది. రైసుమిల్లాయన "మేస్టారు నా పేరు మీద నవల రాస్తన్నారండి" అన్నాడు. బెల్లం ఆయన చెయ్యి విస్తట్లో ఆగిపోయింది. బావమరిది నీళ్ళు తాగాడు. మేస్టారు పప్పు గరిట పట్టుకుని పక్క బంతిలోకి జారుకోబోయారు.

"ఏటి మేస్టారూ, ముగ్గురికీ ఒకటే పుస్తకమా?" అన్నాడు బెల్లం ఆయన.

"ఒకటెందుకవుతుంది? మూడు సంపుటాలు!" అన్నారు మేస్టారు, గరిట పైకెత్తి.

ఆ పూటకి శాంతించారు. మొదటి సంపుటం ఎవరిదన్న దాని మీద మిల్లాయనకీ బెల్లం ఆయనకీ ఇంకా మాటల్లేవు. నాలుగోది ఖాళీ ఉందేమోనని కొత్తకోట ట్రాక్టరు ఆసామి ఒకాయన వాకబు చేస్తున్నాడు.