ఎత్తుబండి పద్యం: టీకా తాత్పర్యాలతో

తే.గీ.
ఎత్తు బండియె మేలని యెల్లవారు
కొనుచు నుందురు రోడ్డుల గుంత దలచి
వంపు దిరిగిన పిమ్మట వాంతి యైన
తోక యున్నట్టి బండియే దొడ్డదంద్రు

ప్రతిపదార్థం: ఎత్తు బండియె = ఎస్‌యూవీయే (షోరూమువారు ఆ పేరుతో పిలిచేదేదైనా); మేలు + అని = మంచిదని; ఎల్లవారు = బావమరిది, ఎదురింటాయన మొదలైన సలహాదారులందరూ; రోడ్డుల గుంత దలచి = తొలకరి తర్వాతి రోడ్డును మనసులో ఉంచుకొని; కొనుచు నుందురు = (వాయిదాల మీద) కొంటూ ఉంటారు; వంపు దిరిగిన పిమ్మట = ఘాట్‌లో హెయిర్‌పిన్ మలుపు దాటాక; వాంతి యైన = వెనక సీట్లో అత్తగారికి కడుపులో తిప్పగా; తోక యున్నట్టి బండియే = డిక్కీ బయటికి పొడుచుకొచ్చిన సెడానే; దొడ్డది + అంద్రు = గొప్పదంటారు.

తాత్పర్యం: గుంతలకు జడిసి ఎత్తుబండి కొన్న లోకం, మలుపు రాగానే సెడాన్‌ను తలుచుకుంటుందని భావం.

వ్యాఖ్య: ‘ఎత్తు’ అంటే ఇక్కడ గ్రౌండ్ క్లియరెన్స్. లక్షణగ్రంథమైన ఐఆర్‌సీ 99 ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. 165 మిల్లీమీటర్ల హోండా సిటీకి అదొక లెక్క కాదు. కానీ ఊరి మొదట్లో ఎవరో రాత్రికి రాత్రి సిమెంటుతో పోసిన దిమ్మెకు ఏ లక్షణమూ పట్టదు. ఐదుగురు ఎక్కి, డిక్కీలో బియ్యం బస్తా, ఆవకాయ జాడీ పడ్డాక ఆ 165 కూడా మిగలదు. అడుగు గర్రున రాసుకుంటుంది. వెనక సీటువాళ్లను దింపి, బండిని ఏటవాలుగా దాటించి, మళ్లీ ఎక్కించుకునే క్రతువు సెడాన్ గృహస్థులందరూ ఎరిగినదే. గుంత విషయంలో కవికి ఎదురు చెప్పలేం.

ఎత్తుబండికి బలం కూడా ఎక్కువేనని పూర్వపక్షం. ఇది చింత్యం. హోండావారిదే ఎలివేట్ ఉంది. సిటీలోని 1.5 లీటర్ల పెట్రోలు ఇంజనే దాని కడుపులోనూ. రెండింటికీ 121 పీఎస్. ఎత్తు మాత్రం 220 మిల్లీమీటర్లు. మాన్యువల్ గేరుతో ఏఆర్‌ఏఐ లెక్క సిటీకి లీటరుకు 17.8 కిలోమీటర్లు, ఎలివేట్‌కు 15.31. బలం అంతే ఉంది. గాలికి ఎదురు నిలిచే ముఖం పెద్దదైంది. పైగా రెండూ ముందు చక్రాలతో లాగేవే. దుక్కి దున్నిన పొలంలో దిగబడితే ఇద్దరికీ ట్రాక్టరే శరణ్యం. ఎస్‌యూవీ అన్న బిరుదు విని బురదలోకి దిగినవారిని చూసి నవ్వడం మర్యాద కాదు, ఫోటో తీసుకోవచ్చు.

‘వంపు’ అన్నచోట కొందరు ‘శ్రీశైలం’ అని పాఠాంతరం చూపుతారు. గణభంగం వల్ల అగ్రాహ్యం. అనుభవం వల్ల గ్రాహ్యం. బరువు నేలకు ఎంత పైన ఉంటే మలుపులో బండి అంతగా బయటివైపు ఒరుగుతుంది. ఆ ఒరుగుడు ఆపాలని స్ప్రింగులు బిగిస్తే గుంతల్లో నడుము విరుగుతుంది. వదులు చేస్తే అరకు ఘాట్‌లో నిమ్మకాయ చేతికివ్వాలి. సెడాన్‌కు ఈ సంకటం తక్కువ. కిందుగా కూర్చున్న బండి గనుక మెత్తటి స్ప్రింగులతోనూ ఒద్దికగా తిరుగుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద నూరులో పోతున్నప్పుడు పక్కనుంచి లారీ దూసుకుపోయినా ఎత్తుబండి తొణికినంతగా సెడాన్ తొణకదు.

మన్నిక ప్రస్తావన పద్యంలో లేదు. ఔచిత్యమే. ఇంజనూ గేర్‌బాక్సూ ఒకటైనప్పుడు మన్నిక తోకను బట్టి రాదు, ఆయిలు ఎప్పుడు మార్పించామన్నదాన్ని బట్టి వస్తుంది. పెద్ద టైర్లు మార్చేటప్పుడు బిల్లు కాస్త బరువు, అంతే. ఇంకా భాష్యం కావాలంటే శంషాబాద్ విమానాశ్రయం దగ్గర పసుపు నంబరు ప్లేటు డిజైర్ నడిపేవారిని అడగాలి. వారు కిలోమీటర్లను లక్షల్లో చెబుతారు.

‘వాంతి’ పద్యానికి తగని మాటని ఆక్షేపం. జుగుప్స బీభత్సరసానికి స్థాయీభావమని ఆలంకారికులు ఒప్పుకున్నారు గనుక దోషం లేదు. సీటు కవర్లు కడిగించే ఖర్చు మాత్రం కవి భరించడు.