ఆబిడ్సు పద్యానికి ‘రుణవిమోచని’ వ్యాఖ్య

అవతారిక

ఈ పద్యకర్త పేరు తెలియదు. వారం వారం కొన్న పుస్తకాలను ఆదివారం సాయంత్రం ఇరానీ హోటల్లో బల్ల మీద పరిచి ఒకరికొకరు చూపించుకునే బృందంలో ఎవరో ఆశువుగా చెప్పారనీ, పక్కవాళ్ళు బిల్లు వెనక రాసుకున్నారనీ ప్రతీతి. కవి పేరు దాచుకున్నది వినయం చేత కాదు, ఇంట్లోవాళ్ళ భయం చేతనని వ్యాఖ్యాత ఊహ.

మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మెదక్ సీమ కొలిచాల మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. కాళిదాస కావ్యాలకు ఆయన రాసిన వ్యాఖ్య పేరు సంజీవని. నా వ్యాఖ్య పేరు రుణవిమోచని. ఆ ప్రతిజ్ఞలో రెండో సగం నా వల్ల కాదు.

ఆ.వె.
ఆదివారమందు నాబిడ్సు బాటలోఁ
బాతపుస్తకములఁ బట్టి తెచ్చి
చదువకుండ మున్నె చాటింపు వేసెడి
వారి యప్పు దీర్చు వార లెవరు?

ప్రతిపదార్థం

ఆదివారమందున్ = దుకాణాల షట్టర్లు దిగి పేవ్‌మెంట్లు ఖాళీ అయ్యే రోజున; ఆబిడ్సు బాటలోన్ = హైదరాబాదులో ఆ షట్టర్ల ముందే పట్టాలు పరిచి పుస్తకాలు పోసే చోట; పాతపుస్తకములన్ = ఒకరు వదిలించుకోగా తనకు కొత్తవైన గ్రంథాలను; పట్టి తెచ్చి = బేరమాడి సంచిలో వేసుకొచ్చి; చదువకుండ మున్నె = అట్టా ముందుమాటా తప్ప మరేమీ చూడకముందే; చాటింపు వేసెడివారి = తోటి పాఠకులకు ఒక్కొక్కటే ఎత్తి చూపించేవారి యొక్క; అప్పు = (ఇది పెద్ద విషయం, కింద చూడండి); తీర్చువారలు = చెల్లించేవారు; ఎవరు = ఏరి?

విశేషాలు

‘పట్టి తెచ్చి’: కవి ‘కొని తెచ్చి’ అనలేదు. బల్ల దగ్గర కూడా “ఎంతకు కొన్నావు?” అన్న ప్రశ్న రెండోది. మొదటిది “ఎక్కడ పట్టావయ్యా?” అనేదే. గాలం వేసి కూర్చున్నవాడికి ఏ చేప పడుతుందో తెలియనట్టే, జాబితా రాసుకుని వెళ్ళినవాడికి ఆ జాబితాలోది ఒక్కటీ దొరకదు.

‘పాతపుస్తకములు’: బహువచనంలో పెద్ద ప్రపంచమే ఉంది. మాస్కోలో ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు తెలుగులో అచ్చేసి పంపిన గట్టి అట్టల పుస్తకాలు ఇందులో మొదటి వరస. ‘అతడు–ఆమె’ రాసిన ఉప్పల లక్ష్మణరావు అక్కడే ఉండి అనువదించినవి కనిపిస్తే చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది. 1991లో సోవియట్ యూనియనే లేకుండా పోయింది కాబట్టి అవి ఇక పట్టాల మీద దొరకాల్సిందే. తర్వాత ఎమెస్కో వారి పాకెట్ పుస్తకాలు. ఆపైన, 1854లో మద్రాసులో మొదలైన వావిళ్ల వారి టీకా సహిత కావ్యాలు. ఈ వ్యాఖ్య నడక అక్కడ దొంగిలించినదే.

నాకు అన్నిటికన్నా ప్రియమైనవి మాత్రం వారపత్రికల సీరియళ్ళు. వారం వారం పేజీలు చింపి, దాచి, బైండు చేయించిన ఆ సంపుటాలకు ఏ ప్రచురణకర్తా లేడు. కథ మధ్యలో సబ్బు ప్రకటన ఉంటుంది. ఒక్కోసారి ఆఖరి వారం ఉండదు. అద్దె లైబ్రరీ ముద్ర ఉన్నవీ, ‘పెళ్ళి కానుక’ అని పేరు రాసి ఇచ్చినవీ చూసి, ఆ పెళ్ళి సంగతేమైందోనని బల్ల చుట్టూ పది నిమిషాల చర్చ జరుగుతుంది. శాఖా గ్రంథాలయం ముద్ర ఉన్నదాన్ని మాత్రం ఎవరూ పైకెత్తి చూపించరు.

‘చదువకుండ మున్నె’: ‘చదువక మున్నె’ అంటే సరిపోయేది. గణం కోసం కవి నడుమ ఒక కుండ మోసుకొచ్చాడు. క్షమిద్దాం. ఇందులోని వెటకారాన్ని మాత్రం క్షమించను. చదివాకే చూపించాలన్న నియమం పెడితే ఆ బల్ల మీద టీ కప్పులు తప్ప ఏమీ మిగలవు. గ్రంథాలయ శాస్త్రానికి ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ఐదు సూత్రాలు చెప్పాడు. వాటిలో మూడోది, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలని. ఆ పాఠకుడు కొన్నవాడే అయి ఉండాలని ఆయన అనలేదు. నేను తెచ్చిన పాత వ్యాకరణం ఎదుటి కుర్చీలో ఉన్నాయన కోసమే వచ్చిందేమో, ఎత్తి చూపిస్తేనే కదా తెలిసేది!

‘అప్పు’: శ్లేష. చిల్లర చాలక పుస్తకాలాయన దగ్గర పెట్టిన బాకీ మొదటి అర్థం. అది వచ్చే ఆదివారం తీరుతుంది. చదవని పుస్తకానికి చదువరి పడ్డ బాకీ రెండోది. అది ఈ జన్మలో తీరదు, దాని మీద వ్యాఖ్య అనవసరం. మూడో అర్థమే కవి హృదయం: చూపించినవాడు అడిగినవాడికి ఇవ్వాలి. ఊళ్ళో డప్పు కొట్టి చాటింపు వేశాక మాట వెనక్కి తీసుకోవడం ఉండదు. పుస్తకం ఎత్తి చూపించి, పక్కవాడు చెయ్యి చాచగానే “నేనింకా చదవలేదు” అని సంచిలో పెట్టుకునేవాడిని రసాభాసకు ఉదాహరణగా చెప్పవచ్చు. పొరుగూరి మిత్రుడికి పంపడానికి తపాలా ఖర్చని సాకు చెప్పే వీలూ తగ్గింది. 2025 మే 1 నుంచి తపాలా శాఖ పుస్తకాల కోసం నడుపుతున్న జ్ఞాన్ పోస్టులో 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకైతే 100, పన్ను అదనం.

పాఠాంతరం: నాలుగో పాదానికి ‘వారి యింటఁ జెదలె వారసులగు’ అని కొన్ని బిల్లుల మీద కనబడుతోంది. యతి, గణాలు సరిపోయాయి, అనుభవమూ సరిపోయింది. అయినా ఇది కవి భార్య చేసిన సవరణ అని పండితులు తేల్చారు.

తాత్పర్యం

చదవకముందే చూపించడం తప్పు కాదు, చూపించాక ఇవ్వకపోవడమే తప్పు. ‘వార లెవరు’ అన్న ప్రశ్నకు జవాబు ఆ బల్ల చుట్టూ కూర్చునే ఉంది. కొన్నవాడి బాకీ, పట్టుకెళ్ళి చదివినవాళ్ళు తీరుస్తారు.

ఫలశ్రుతి

దీన్ని ముమ్మారు చదివి ఆబిడ్సుకు బయల్దేరినవారికి బేరాలు కుదురుతాయని నేను హామీ ఇవ్వను. ఒక్క మనవి. రెండు సంపుటాల నవలలో నా దగ్గర రెండోది తీసుకెళ్ళినవారు వచ్చే ఆదివారం తప్పకుండా రాగలరు. మొదటిది కూడా తీసుకెళ్దురుగాని.